పిల్లల సొంత కబుర్లతో తెలుగు పాఠం ఎలా చేయాలి?

వారానికోసారి తెలుగు తరగతి నడిపేవాళ్లు, ఇంట్లో తామే నేర్పుకునే అమ్మానాన్నలు పదే పదే అడిగే ప్రశ్న ఇది. "అక్షరాలన్నీ వచ్చు. గుణింతాలు తప్పు లేకుండా రాస్తాడు. వేమన పద్యం గడగడా అప్పజెప్తాడు. 'నిన్న ఏం చేశావు నాన్నా?' అంటే మాత్రం జవాబు ఇంగ్లీషులో వస్తుంది. ఏం చేయాలి?" డాలస్‌లో ఉన్నవాళ్లూ ఇదే అడుగుతారు, బెంగళూరులో ఉన్నవాళ్లూ ఇదే అడుగుతారు.

పాఠంలో ఉన్నదేదీ ఆ పిల్లవాడి రోజులో లేకపోవడం దీనికి పెద్ద కారణం. నాగలి, ఐరావతం రాయడం వచ్చింది. లంచ్ డబ్బాలో అన్నం మిగిలిపోయిందని చెప్పడం రాలేదు. తెలుగు వింటే అర్థమై, తిరిగి మాట్లాడని ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లల కోసం ఈ పద్ధతి. ఎనిమిది నుంచి పన్నెండు మంది, వారానికి గంటన్నర అనుకుని లెక్కలు ఇచ్చాం.

ఒక మాట ముందే చెప్పాలి. సొంత విషయాలతో పాఠం అంటే పిల్లల చేత కబుర్లు చెప్పించి ఇంటికి పంపడం కాదు. కబురు పిల్లవాడిది, వాక్యం చట్రం, అంటే మాటలు మార్చుకుంటూ మళ్లీ మళ్లీ వాడుకునే వాక్యపు అచ్చు, మీది. ఈ వారం ఏ చట్రమో మీరు ముందే అనుకుని రాకపోతే సందడి ఉంటుంది, చదువు ఉండదు.

కావలసినవి

- పిల్లకొకటి గీతల నోటు పుస్తకం. బడిది వద్దు, దీనికే విడిగా.
- పోస్టుకార్డులో సగం ఉండే అట్టముక్కలు, పిల్లకి ముప్పై. పోగొట్టుకోకుండా మూలన చిల్లు పొడిచి దారం కట్టాలి.
- లావు స్కెచ్ పెన్ను.
- గొంతు రికార్డు చేయడానికి ఫోను.
- ప్రతి ఇంట్లోనూ, లేదా ఫోను అవతల, వారానికి పది నిమిషాలు తెలుగులో మాట్లాడే ఒక పెద్దమనిషి. మిగతావి లేకపోయినా నెట్టుకురావచ్చు, ఇది లేకపోతే కష్టం.

1. మొదటి తరగతికి ముందే ఇంటి సంగతులు తెలుసుకోండి

అమ్మానాన్నలకి ఒక కాగితం పంపండి. ఆరు ప్రశ్నలు చాలు: ఇంట్లో ఎవరెవరు ఉంటారు? వాళ్లని పిల్ల ఏమని పిలుస్తుంది? తెలుగులో ఎక్కువ మాట్లాడేది ఎవరు? పిల్లకి బాగా ఇష్టమైన తిండి ఏది, దాన్ని మీ ఇంట్లో ఏమంటారు? బడి అయ్యాక ఏం చేస్తుంది? ఇప్పటికే తెలుగులో అనే మాటలు ఏవి?

రెండో ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. ఒక ఇంట్లో నానమ్మ, ఇంకో ఇంట్లో అవ్వ, రాయలసీమ వైపు కొన్ని ఇళ్లలో జేజి. పాఠంలో 'నానమ్మ' అని ఉందని జేజిని నానమ్మగా మార్చేస్తే ఆ వాక్యం ఇక ఆ పిల్లది కాదు. తిండి మాటా అంతే. ఒకే గింజ కొందరికి పల్లీలు, కొందరికి వేరుశనక్కాయలు, కొందరికి చెనక్కాయలు, కర్నూలు వైపు బుడ్డలు. ఎవరి మాట వాళ్ల అట్ట మీద రాయండి. తరగతిలో నాలుగు మాటలు పోగైతే అదే ఒక పాఠం.

ఏం అడగకూడదు: ఇంటిపేరు, కులం, నాన్న ఉద్యోగం, జీతం, వీసా. "మీ అమ్మా నాన్నా ఏం చేస్తారు?" అని అందరి ముందూ అడక్కండి. అమ్మ ఒక్కతే పెంచుతున్న పిల్ల ఉండొచ్చు, నాన్నకి ఆ వారమే ఉద్యోగం పోయి ఉండొచ్చు. "మీ ఇంట్లో ఉగాదికి ఏం చేశారు?" కూడా అందరికీ సరిపోదు. తెలుగు మాట్లాడే ముస్లిం, క్రైస్తవ కుటుంబాల పిల్లలు కూడా మీ తరగతిలో ఉంటారు. "మీ ఇంట్లో పెద్ద పండగ ఏది?" అంటే అందరూ జవాబు చెప్పగలరు.

2. ఎవరి మాటలు వాళ్ల అట్టల మీద

ప్రతి తరగతిలోనూ మొదటి పది నిమిషాలు దీనికే. ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, "ఈ వారం నీకు ఏ మాట కావాలి?" అని అడగండి. పిల్ల చెప్పిన మాటని బొటనవేలంత అక్షరాలతో రాసివ్వండి. వారానికి రెండు, మించితే మూడు. వెనకవైపు బొమ్మ పిల్లే వేసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల్లో పలుకుబడి మాత్రం రాయకండి. అది కనిపించిందంటే కన్ను అటే పోతుంది, తెలుగు అక్షరం అలంకారంగా మిగిలిపోతుంది.

న్యూజీలాండ్‌లో మావోరీ పిల్లలకి చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ ఇలాగే చేసేవారు. పిల్లవాడు అడిగిన మాటే అట్ట మీద రాసివ్వడం, మర్నాడు దాన్ని గుర్తుపట్టలేకపోతే తీసేయడం. మీరూ తీసేయండి. వారం తర్వాత చూడగానే చదవలేకపోతే ఆ మాట పిల్లకి అక్కర్లేనిదని అర్థం. మర్చిపోయిన మాటని పదే పదే దిద్దించడం మొదలుపెడితే అట్టలు కూడా హోంవర్కు అయిపోతాయి.

మొదటి అట్ట పిల్ల పేరు. ఇక్కడ ఒక చిక్కుంది. ధ్రువ్, శ్రేష్ఠ, హృదయ్ లాంటి పేర్లలో వత్తులు, మహాప్రాణాలు, ఋత్వం అన్నీ ఒకేసారి వచ్చి మీద పడతాయి. విడమరచి చెప్పకండి. పేరుని మొత్తం ఒక బొమ్మలా గుర్తుపట్టనివ్వండి. తేలికైన అక్షరాలు మాత్రం పేర్లలోంచి ఏరుకోవచ్చు. తరగతిలో మానస, నవీన్, పవన్ ఉంటే మ, న, వ, ప మీకు దొరికినట్టే. వ, ప ఒకే పోలిక, మ, య ఒకే పోలిక కాబట్టి చెయ్యి తిరగడం కూడా సులువు. 'ఐ'కి ఐరావతం బదులు ఐస్‌క్రీమ్ పెడితే తప్పేమీ లేదు. ఙ, ఞ, ఝ సంగతి ఆరు నెలల తర్వాత చూసుకోవచ్చు, ఎవరి లంచ్ డబ్బాలోనూ ఙ లేదు.

3. ఈ వారం చట్రం ఒక్కటే ఎంచుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. పిల్లల జీవితంలోంచి వచ్చే కబుర్లలో సగానికి సగం 'నాకు'తో మొదలవుతాయి. ఇంగ్లీషు నుంచి వచ్చే పిల్లలు జారిపడేదీ అక్కడే. "నేను ఆకలి ఉన్నాను", "నేను శాడ్ ఉన్నాను" అంటారు. అందుకే మొదటి నాలుగు వారాలూ ఈ చట్రం మీదే ఉండండి:

నాకు ఆకలేస్తోంది. నాకు చలేస్తోంది. నాకు నిద్రొస్తోంది. నాకు భయమేసింది. నాకు బాధేసింది. నాకు కోపం వచ్చింది. నాకు జ్వరం వచ్చింది. నాకు దెబ్బ తగిలింది. నాకు ఈత వచ్చు. నాకు తెలుసు. నాకు అర్థం కాలేదు. నాకు ఇష్టం. నాకు కావాలి. నాకు వద్దు.

వరసగా చదివించి వల్లె వేయించకండి. వారానికి మూడో నాలుగో తీసుకుని, ఒక్కొక్కదానికీ పిల్లల చేత సందర్భం చెప్పించండి. "నీకు ఎప్పుడు భయమేసింది?" అంటే ఒకడు పక్కింటి కుక్క అంటాడు, ఒకతె ఈతకొలనులో లోతువైపు అంటుంది. జవాబు ఒక్క మాటలో వచ్చినా దాన్ని మీరే చట్రంలో కూర్చోబెట్టి తిరిగి అనండి: "ఓహో, కుక్కని చూస్తే నీకు భయమేసిందా?" "అవును, నాకు కుక్కని చూస్తే భయమేసింది." అంతే, ముందుకు సాగండి.

తర్వాతి వారాలకి ఈ వరస బాగా నడుస్తుంది:

ఐదో వారం, ఉండటం. నాకు ఇద్దరు అక్కలు ఉన్నారు, నా దగ్గర పెన్సిల్ ఉంది. మనుషులకి 'నాకు', వస్తువులకి 'నా దగ్గర'. "నా దగ్గర ఇద్దరు అక్కలు" అంటే అమ్మకానికి పెట్టినట్టు ఉంటుందని చెప్పండి, నవ్వుతారు, గుర్తుంటుంది. ఇదే వారం ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు కూడా. "మూడు ఫ్రెండ్స్" అనేది పోవాలంటే ఎవరి స్నేహితుల్ని వాళ్లే లెక్కపెట్టాలి.

ఆరో వారం, మా, మన. పిల్లలు "నా అమ్మ, నా ఇల్లు" అంటారు. మనం "మా అమ్మ, మా ఇల్లు" అంటాం, ఒక్కడే కొడుకైనా సరే. మనం, మేము కూడా ఇక్కడే. ఒక పిల్ల మీతో "మనం సెలవులకి బీచ్‌కి వెళ్తున్నాం" అంటే, "నన్ను కూడా తీసుకెళ్తున్నావా? బట్టలు సర్దుకోనా?" అనండి. సూత్రం చెప్పక్కర్లేదు.

ఏడో వారం, నిన్నటి సంగతి. లేచాను, తిన్నాను, వెళ్లాను, ఆడాను, పడుకున్నాను.

4. పిల్ల చెప్పింది రాయండి

తరగతిలో ఇరవై ఐదు నిమిషాలు దీనికి పెట్టుకోండి. పిల్ల మూడు నుంచి ఐదు వాక్యాలు చెప్తుంది, మీరు రాస్తారు. పెద్ద పిల్లలైతే జంటలుగా ఒకరు చెప్తే ఒకరు రాయొచ్చు. ఒక పిల్లవాడు ఇలా చెప్పాడనుకుందాం:

"నిన్న నేను సాకర్ ప్లే చేశాను. నా టీమ్ ఓడిపోయింది. నేను శాడ్ ఉన్నాను. నాన్న ఐస్‌క్రీమ్ కొన్నాడు."

ఇక్కడే చాలామంది చెయ్యి ఆపుకోలేరు. సాకర్‌ని కాలిబంతి చేస్తారు, టీమ్‌ని జట్టు చేస్తారు, చివరికి చదివితే ఆ పిల్లవాడికే అర్థం కాని పేరా తయారవుతుంది. పెట్టుకోవలసిన నియమం ఇది: పేర్లని వదిలేయండి, క్రియల్ని తెలుగు చేయండి. సాకర్, టీమ్, ఐస్‌క్రీమ్ ఉండనివ్వండి. "ప్లే చేశాను"ని మాత్రం "ఆడాను" చేయండి. ఇంగ్లీషు క్రియకి 'చేయు' తగిలించే అలవాటు ఒకసారి పాతుకుపోతే తెలుగు క్రియ నేర్చుకోవలసిన అవసరమే రాదు.

ఇక ఈ వారం చట్రం 'నాకు' కాబట్టి "శాడ్ ఉన్నాను" దగ్గర ఆగి, "నీకు బాధేసిందా?" అని అడిగి, వాడి నోటితో "నాకు బాధేసింది" అనిపించి రాయండి. "నా టీమ్"ని ఈ వారానికి వదిలేయండి, 'మా' వంతు ఆరో వారం. ఒక పేరాలో క్రియలు కాక ఒకే ఒక్క దిద్దుబాటు. మూడు దిద్దితే మూడూ పోతాయి, పైగా వచ్చే వారం ఆ పిల్లవాడు "ఏమీ జరగలేదు" అంటాడు.

రాసింది:

"నిన్న నేను సాకర్ ఆడాను. నా టీమ్ ఓడిపోయింది. నాకు బాధేసింది. నాన్న ఐస్‌క్రీమ్ కొన్నాడు."

"కొన్నాడు" దగ్గర కూడా జాగ్రత్త. కొన్ని ఇళ్లలో నాన్న వచ్చాడు, కొన్ని ఇళ్లలో నాన్న వచ్చారు. ఇంట్లో ఎలా అంటారో అలాగే రాయండి. తెలంగాణ ఇళ్ల పిల్లలు "కొన్నడు", "వచ్చిండు" అంటే అది తప్పు కాదు, దిద్దకండి. పుస్తకంలో ఇంకోలా ఉంటుందని తర్వాత ఎప్పుడో చెప్పొచ్చు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడి (ఇప్పుడు ఒడిశాలో ఉంది) చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటూ, ఆ రోజు పిల్లల చేత బట్టీ పట్టిన గ్రాంథిక ఉపన్యాసం చెప్పించడం మనకే చెల్లింది.

5. ఒకరిది ఇంకొకరు చెప్పాలి

నోటు పుస్తకాలు మార్చుకోమనండి. ఇప్పుడు 'నేను' పోయి 'నవీన్' వస్తాడు, దాంతో చివర్లన్నీ మారాలి: నవీన్ సాకర్ ఆడాడు. నవీన్‌కి బాధేసింది. అమ్మాయిదైతే మానస ఆడింది, మానసకి బాధేసింది. 'ఆడాను, ఆడాడు, ఆడింది' అని పట్టిక వేసి చెప్పినా ఎక్కనిది ఇక్కడ పది నిమిషాల్లో ఎక్కుతుంది, ఎందుకంటే తప్పు చదివితే ఆ పుస్తకం సొంతదారు ఊరుకోడు. 'బాధేసింది' మారలేదేమని ఒకరైనా అడుగుతారు. మారేది 'కి' దగ్గరే అని చూపించండి, చాలు.

హెచ్చరిక: పిల్లని అడక్కుండా ఎవరి పేరా అందరి ముందూ చదివించకండి. కోపం, భయం గురించి రాసినవి కొన్ని ఇంటి గుట్లు మోసుకొస్తాయి. అలాంటిది మీ కంటబడితే ఆ పుటని మడిచి, ఆ పిల్లకి వేరే పేరా ఇవ్వండి.

6. పాఠ్యపుస్తకం ఉంటే పారేయక్కర్లేదు

పాఠంలో "రైతు తెల్లవారుజామునే లేస్తాడు. పొలానికి వెళ్తాడు. సాయంత్రం ఇంటికి వస్తాడు" అని ఉందనుకోండి. ఒకసారి చదవండి. తర్వాత రైతుని తీసేసి ఖాళీ పెట్టండి: "____ ____కి లేస్తాడు. ____కి వెళ్తాడు. ____ ఇంటికి వస్తాడు." మా నాన్న ఆరింటికి లేస్తాడు, ఆఫీసుకి వెళ్తాడు. మా అమ్మ రాత్రి ఏడింటికి లేస్తుంది, ఆసుపత్రికి వెళ్తుంది, పొద్దున ఇంటికి వస్తుంది. నైట్ డ్యూటీ చేసే నర్సమ్మ కూతురు పాఠాన్ని తలకిందులు చేసేస్తుంది, అదే కావాలి. చివరికి మళ్లీ రైతు దగ్గరికి రండి. తాతయ్యో, ఊళ్లో బంధువో సేద్యం చేసే ఇల్లు ఒకటైనా ఉంటుంది, మిగతా సంగతులు ఆ పిల్లనే అడిగి రమ్మనండి.

7. ఇంటిపని: ఫోనులో మూడు ప్రశ్నలు

రోజూ దిద్దే ఐదు నిమిషాలు కాక వేరే రాతపని ఇవ్వకండి. అవ్వనో, తాతనో, పెద్దమ్మనో అడగడానికి మూడు ప్రశ్నలు ఇచ్చి, వాటిని తరగతిలోనే ఇద్దరిద్దరి చేత అడిగించి పంపండి. "బాగున్నారా? తిన్నారా?" లాంటివి ఇస్తే "ఆఁ" అని ఫోను పెట్టేస్తారు. కబుర్లు రాబట్టే ప్రశ్నలు వేరు:

"మీరు చిన్నప్పుడు బడికి ఎలా వెళ్లేవారు?"
"బడి ఎగ్గొట్టి ఏం చేసేవారు?"
"మా నాన్న చిన్నప్పుడు ఏ కూర పెడితే అలిగేవాడు?"

'అలిగేవాడు' అర్థం కాకపోతే ఇంకా మంచిది, అవ్వే చెప్తుంది. వెళ్లేవారు, చేసేవారు అనే రూపం కూడా దీంతోనే పట్టుబడుతుంది. రెండు నిమిషాలు రికార్డు చేసి, అందులోంచి ఒకే ఒక్క వాక్యం తరగతికి తేవాలి. అమెరికా మధ్య ప్రాంతంలో శుక్రవారం రాత్రి ఎనిమిదికి చేస్తే ఇండియాలో శనివారం పొద్దున వేసవిలో ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. కాఫీ వేళ, తీరిగ్గా మాట్లాడతారు.

ఫోను అవతలివాళ్లకి అమ్మానాన్నలు ముందే ఒక మాట చెప్పి ఉంచాలి: పిల్ల ఉచ్చారణకి నవ్వొద్దు, "ఏదీ, తెలుగులో ఇంకోటి చెప్పు" అని పరీక్ష పెట్టొద్దు, పక్కనున్నవాళ్లని పిలిచి వినిపించొద్దు. ప్రేమతో చేసేవే ఇవన్నీ. ఒక్కసారి జరిగితే మాత్రం పిల్ల మళ్లీ ఫోను పట్టుకోదు.

ఎక్కువగా జరిగే తప్పులు

ఎప్పుడూ సంతోషపు ప్రశ్నలే అడగడం. "నీకు ఇష్టమైన పండు? నీకు ఇష్టమైన రంగు?" రెండు వారాల్లో విసుగు పుడుతుంది. "ఏ కూర అంటే నీకు అసహ్యం?", "తమ్ముడు నీ వస్తువు ఏది విరగ్గొట్టాడు?" అని అడిగి చూడండి, గొంతులు లేస్తాయి.

టీచరే ఎక్కువ మాట్లాడటం. పిల్ల ఆలోచిస్తుంటే మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం భరించలేక మనమే వాక్యం పూర్తి చేసేస్తాం.

ఇంగ్లీషులో చెప్పిన పిల్లని "తెలుగులో చెప్పు" అని ఆపడం. కబురు అక్కడే తెగిపోతుంది. వినండి, దాన్నే మీరు తెలుగులో అనండి, కావలసిన చట్రం ఒక్కటి పిల్ల చేత అనిపించండి.

సొంత మాటల మోజులో అక్షరాల సాధన మానేయడం. ఇదీ తప్పే. రోజుకి ఐదు నిమిషాలు దిద్దడం ఉండాలి, పిల్ల అట్టల్లోని అక్షరాలతోనే.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి వారం, ఎనిమిదో వారం ఒకే ప్రశ్న వేసి నిమిషం పాటు రికార్డు చేయండి: "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం చేశావు?" తర్వాత విని, సరైన చివర్లతో వచ్చిన తెలుగు క్రియల్ని మాత్రం లెక్కపెట్టండి. పేర్లని లెక్కపెట్టకండి, అవి ఇంగ్లీషులో ఉన్నా ఫర్వాలేదు. అంకె పెరగాలి.

రెండో పరీక్ష, బట్టీయో కాదో తేల్చడానికి. వానలో తడిసి వణుకుతున్న పిల్లవాడి బొమ్మ చూపించి "వీడికేమైంది?" అనండి. "వీడికి చలేస్తోంది" అంటే చట్రం దక్కింది. "నాకు చలేస్తోంది" అంటే వాక్యం గుర్తుంది గానీ చట్రం దక్కలేదు, ఐదో అంచెని ఇంకో రెండు వారాలు నడపండి.

మూడోది చదువు. ఇంకో పిల్ల రాసిన, తాను ఎప్పుడూ చూడని పేరా ఇవ్వండి. సొంత పేరా గడగడా చదివి ఇది చదవలేకపోతే, చదువుతున్నది కళ్లతో కాదు, జ్ఞాపకంతో.

వేరే పరిస్థితుల్లో

ఇంట్లో ఒక్కరే పిల్ల ఉంటే ఐదో అంచెకి జత ఉండదు. నాన్న పేరా అమ్మకి చెప్పడం, అమ్మది అవ్వకి చెప్పడం పెట్టుకోండి. రోజూ పదిహేను నిమిషాలు చాలు, ఆదివారం గంట కూర్చోబెట్టకండి.

ఇరవై మందికి మించితే ఒక్కొక్కరికీ అట్ట రాయడం కుదరదు. నలుగురికొక జట్టు చేసి, కాస్త రాయగలిగిన పిల్లని రాసేదిగా పెట్టి, మీరు వారానికి ఒక జట్టు దగ్గరే కూర్చోండి.

ఆన్‌లైన్ తరగతిలో ఇంట్లో వస్తువే పాఠం. "వంటింట్లోంచి ఒకటి పట్టుకురా" అంటే అట్లకాడ, పప్పుగుత్తి, పోపులపెట్టె కెమెరా ముందుకి వస్తాయి. ఒకేసారి కాకుండా ముగ్గురు ముగ్గురిని పంపండి. లేకపోతే తిరిగొచ్చేసరికి సగం మంది ఫ్రిజ్ దగ్గరే ఉంటారు.